ఆగిన తీరులోనే ఆచూకీ: అసెంబుల్డ్ కంప్యూటర్ వేడి, రీస్టార్ట్‌ల నిర్ధారణ

నల్లగొండలో మే నెల మధ్యాహ్నం ఎండ 43, 44 డిగ్రీలకు చేరినప్పుడు, కాగిన స్లాబు కింది గదిలో ఉన్న అసెంబుల్డ్ కంప్యూటర్ పని మధ్యలో ఉన్నట్టుండి ఆరిపోయి మళ్లీ మొదలైతే, చూసినవాళ్లందరికీ మొదట తోచే కారణం వేడి. క్యాబినెట్ పక్క రేకు తీసి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టడం ఆ వెంటనే జరిగే పని. దానితో రెండు రోజులు సవ్యంగా నడిస్తే కారణం దొరికిందన్న నమ్మకం బలపడుతుంది. మూడో రోజు మళ్లీ ఆగితే కొత్త ప్రాసెసర్ ఫ్యాను, ఆ తరువాత కొత్త ర్యామ్, చివరికి కొత్త మదర్‌బోర్డు వరకు ఖర్చు పోతుంది. విడిభాగాలు కొన్నది సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయితే, నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు 100 కిలోమీటర్లు వెళ్లాలి. అనుమానం మీద ఒక భాగాన్ని విప్పుకొని అంత దూరం పోయి, కొట్టువాడి బల్ల మీద అది నిక్షేపంగా పనిచేస్తే మళ్లీ మోసుకొని రావడం ఎవరికైనా విసుగు పుట్టించే విషయం. ఆ ప్రయాణం పెట్టుకోకముందే ఇంట్లో తేల్చుకోగలిగినది చాలా ఉంది.

వేడెక్కడం, రీస్టార్ట్ కావడం ఒకే యంత్రంలో ఒకే కాలంలో కనిపించినంత మాత్రాన ఒకదానికి మరొకటి కారణమని తేల్చకూడదు. అవి రెండు వేర్వేరు లోపాలు కావచ్చు, లేదా రెండింటి వెనుక మూడో కారణం ఉండవచ్చు. ఈ చిక్కు విప్పడానికి ముందుగా గమనించవలసింది యంత్రం ఆగిన తీరు. ఇప్పటి ప్రాసెసర్ల లోపలే ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్లు ఉంటాయి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి సుమారు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 శ్రేణిలో ఎక్కువ వాటికి 95 డిగ్రీలు, అంతకు ముందరి 5000 శ్రేణిలో రకాన్ని బట్టి 90 లేదా 95 డిగ్రీలు హద్దు. ఆ హద్దుకు చేరగానే ప్రాసెసర్ తన వేగాన్ని, వాడుకునే కరెంటును తానే తగ్గించుకొని వేడిని అక్కడికి ఆపుతుంది. హీట్‌సింక్ (ప్రాసెసర్ మీద కూర్చుని వేడిని లాగే లోహపు రెక్కల దిమ్మె) ఊడిపోవడం వంటి తీవ్రమైన లోపం ఉండి అప్పటికీ వేడి ఆగకపోతే, ప్రాసెసర్ ఇచ్చే చివరి సంకేతంతో మదర్‌బోర్డు కరెంటును పూర్తిగా తెంచేస్తుంది. అలా తెగిన యంత్రం ఆరిపోయి అలాగే ఉంటుంది, సాధారణంగా దానంతట అది లేవదు. బటన్ నొక్కి లేపినప్పుడు చాలా బోర్డులు ప్రాసెసర్ ఉష్ణోగ్రత హద్దు మీరిందన్న హెచ్చరికను తెర మీద చూపుతాయి.

దీన్ని బట్టి ఆటలో కదలికలు నత్తనడక పడుతూ, ఫ్యాన్లు హోరెత్తుతూ, అయినా ఆగకుండా నడుస్తున్న యంత్రానిది వేడి సమస్య అని చెప్పవచ్చు. ఆరిపోయి, కాసేపు చల్లారితే తప్ప లేవనిది వేడి ముదిరిన దశలో ఉన్నట్టు. ఆరిపోయాక ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె) వెనుక స్విచ్‌ను ఒకసారి ఆపి వేస్తే గానీ లేవకపోతే, ఎస్‌ఎంపీఎస్ తన రక్షణ కోసం తానే ఆగిపోయిందని అనుకోవాలి. ఏ సందేశమూ లేకుండా తెర ఒక్క క్షణంలో నల్లబడి, వెంటనే బోర్డు కంపెనీ లోగో ప్రత్యక్షమైతే అది చాలావరకు కరెంటు సరఫరాకు సంబంధించిన లోపం. విండోస్ తన లోపాన్ని ప్రకటించే నీలి తెర వచ్చి ఆ తరువాత రీస్టార్ట్ అయితే ర్యామ్, డ్రైవర్ (విడిభాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్), ప్రాసెసర్ అస్థిరత మొదటి అనుమానితులు. ఏదీ ఆరిపోకుండా బొమ్మ బిగుసుకుపోయి మౌస్ కదలకపోతే గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, స్టోరేజీల వైపు చూడాలి. ఈ విభజనకు మినహాయింపులు లేకపోలేదు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు.

ఇక్కడ ఒక మాట వాడుక గురించి చెప్పాలి. మన ప్రాంతంలో క్యాబినెట్ మొత్తాన్నీ సీపీయూ అంటారు, నిజానికి ఆ పేరు ప్రాసెసర్‌ది. వ్యవహారంలో దానితో ఇబ్బంది లేదు గానీ, నిర్ధారణలో అది దారి తప్పిస్తుంది. 'సీపీయూ బాగా వేడెక్కుతోంది' అన్నప్పుడు ఆ వేడి వెనుక నుంచి వచ్చే ఎస్‌ఎంపీఎస్ గాలిదా, గ్రాఫిక్స్ కార్డుదా, నిజంగా ప్రాసెసర్‌దా అన్నది తేలకుండానే హీట్‌సింక్ మార్చడం దాకా పోతుంది. ఏ భాగం వేడెక్కిందో పేరు పెట్టి చెప్పలేనప్పుడు ఏ భాగాన్నీ మార్చకూడదు.

ఆగిన తీరును కంటితో చూడలేకపోయినా యంత్రం దాన్ని రాసిపెట్టి ఉంచుతుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ విభాగం చూస్తే ఇలా ఆగిన ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అన్న నమోదు కనిపిస్తుంది. పేరులో పవర్ ఉంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ పోయిందని చాలామంది తీర్మానిస్తారు. ఆ నమోదుకు ఉన్న అర్థం ఒక్కటే: క్రితంసారి యంత్రం సక్రమంగా షట్‌డౌన్ కాలేదు. దాని వివరాల్లో బగ్‌చెక్‌కోడ్ అన్న చోట సున్నా ఉంటే, విండోస్‌కు తన లోపాన్ని రాసుకునే వ్యవధి కూడా చిక్కలేదని, అంటే కరెంటు తెగడమో, రీసెట్ సంకేతం పడడమో, యంత్రం పూర్తిగా బిగుసుకుపోవడమో జరిగిందని గ్రహించాలి. సున్నా కాక వేరే సంఖ్య ఉంటే నీలి తెర వచ్చి పోయినట్టే. దాని వివరం బగ్‌చెక్ 1001 నమోదులోనూ, సి డ్రైవ్‌లో విండోస్ కింద ఉండే మినీడంప్ ఫోల్డర్‌లోనూ దొరుకుతుంది. డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ 18 కనిపిస్తే ప్రాసెసర్ లోపలి నుంచే యంత్రాన్ని ఆపేసేంత తీవ్రమైన లోపం నమోదైందని అర్థం. 1074 ఉంటే అసలు లోపమే లేదు, అప్‌డేట్ కోసమో మరో ప్రోగ్రాం కోరడం వల్లనో విండోస్ తానుగా రీస్టార్ట్ అయింది. నీలి తెరను చదవడానికి వీలు లేకుండా వెంటనే రీస్టార్ట్ అయ్యేలా విండోస్‌లో ముందే అమర్చి ఉంటుంది కాబట్టి, స్టార్టప్ అండ్ రికవరీ అమరికలో ఆటోమేటికల్లీ రీస్టార్ట్ ఎదుట టిక్కు తీసేయడం మొదటి రోజే చేయవలసిన పని. లినక్స్ వాడేవారికి క్రితం బూట్ జర్నల్‌లోని చివరి పంక్తులు ఇదే సమాచారం ఇస్తాయి.

ఈ నమోదుల్లోని గడియారపు వేళలను ఒక కాగితం మీద వరుసగా రాసుకోవడం చిన్న పనిగా కనిపించినా విలువైనది. ఆగుళ్లన్నీ మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య ఉంటే ఒక దారి, కరెంటు పోయి వచ్చిన వేళల్లో ఉంటే మరో దారి, ఆట మొదలైన అయిదు నిమిషాల్లో ఉంటే ఇంకో దారి చూపుతాయి.

వేడి సంగతికి వస్తే, గాలితో చల్లబడే యంత్రంలో ఏ భాగమూ గది గాలి కంటే చల్లగా ఉండలేదు. ప్రాసెసర్ ఉష్ణోగ్రతను ఒంటరి అంకెగా చదవకుండా, గదికీ దానికీ మధ్య తేడాగా చదవాలి. డిసెంబరులో గది 24 డిగ్రీలు ఉన్నప్పుడు నిండు పని మీద ప్రాసెసర్ 68 చూపిందనుకుందాం, తేడా 44. అదే పని, అదే ఫ్యాను వేగం మీద మే నెలలో గది 40 డిగ్రీలైతే ప్రాసెసర్ 84 దగ్గర ఉండడం సహజం. అందులో చెడిపోయింది ఏదీ లేదు. మేలో అది 98 చూపితే మాత్రం తేడా 58 అయింది. ఆ పెరిగిన 14 డిగ్రీలకే కారణం వెతకాలి. ఈ లెక్క కోసం పెద్ద ఖర్చేమీ లేదు, క్యాబినెట్ గాలి పీల్చే చోట గది వేడిని చూపే ఒక మామూలు థర్మామీటరు, ప్రాసెసర్‌కు హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాం ఉంటే చాలు. ఆ ప్రోగ్రాంలో లాగింగ్ అన్న సదుపాయం ఉంది. దాన్ని వేసి ఉంచితే ప్రతి రెండు సెకన్లకూ అన్ని సెన్సర్ల అంకెలు ఒక ఫైలులో పడతాయి. యంత్రం ఆగిన తరువాత ఆ ఫైలులోని చివరి పంక్తి చూడాలి. అక్కడ ప్రాసెసర్ 62, గ్రాఫిక్స్ కార్డు 70 ఉండి యంత్రం ఆరిపోయిందంటే ఆ రెండింటి వేడి మీది అనుమానాన్ని పక్కన పెట్టేయవచ్చు.

వేడి నిజమేనని తేలితే అది పెరిగిన వేగం తరువాతి ఆధారం. ప్రాసెసర్‌కు నిండు పని పెట్టే సినీబెంచ్ లేదా ప్రైమ్95 ప్రోగ్రాం వేయగానే ఒకటి రెండు సెకన్లలోనే 50 నుంచి హద్దు దాకా ఎగబాకితే, ప్రాసెసర్ పై నుంచి హీట్‌సింక్‌లోకి వేడి దాటడం లేదని అర్థం. లోపం ఆ రెండింటి మధ్య అతుకులో ఉంది. హీట్‌సింక్ అడుగున ఉన్న పలుచని ప్లాస్టిక్ పొర ఒలవకుండానే బిగించడం, ఇంటెల్ ఇచ్చే ఫ్యానుకు ఉన్న నాలుగు ప్లాస్టిక్ గుబ్బల్లో ఒకటి సగమే దిగి ఉండడం, ఆ రెండింటి మధ్య వేడి దాటడానికి పూసే పేస్ట్ ఎండి పొడిగా మారడం ఇందుకు సాధారణ కారణాలు. బోర్డును వెనుక నుంచి చూస్తే నాలుగు గుబ్బల కొనలూ సమంగా విచ్చుకొని ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. కొత్త పేస్ట్ వేయడానికి పాత హీట్‌సింక్ తీసేటప్పుడు రైజెన్ 5000 వరకు వచ్చిన ఏఎం4 ప్రాసెసర్లతో జాగ్రత్త అవసరం. వాటి కాళ్లు ప్రాసెసర్‌కే ఉంటాయి కాబట్టి, గట్టిపడిన పేస్ట్‌తో నిలువుగా లాగితే సాకెట్ నుంచి ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి కాళ్లు వంగుతాయి. యంత్రాన్ని కాసేపు పని మీద నడిపి పేస్ట్ మెత్తబడ్డాక కరెంటు తీసి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి ఎత్తాలి.

అలా కాక ఉష్ణోగ్రత పదిహేను, ఇరవై నిమిషాల పాటు మెల్లమెల్లగా ఎక్కుతూ పోతే అతుకు బాగానే ఉంది, క్యాబినెట్‌లో గాలి కదలడం లేదు. పక్క రేకు తీయగానే పది డిగ్రీలు పడిపోతే ఇది రుజువైనట్టే. ఈ దశలో దుమ్ము గురించి మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన జిల్లాల్లో దుమ్ము ఒకే రకం కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గరి ఇళ్లలో తవుడు, ఊక నలుసులు చేరతాయి. భూదాన్ పోచంపల్లిలో మగ్గం ఉన్న ఇంట్లో నూలు పీచు హీట్‌సింక్ రెక్కల మధ్య పలుచని బట్టలా అల్లుకుంటుంది. ఊది దులిపితే పొడి దుమ్ము పోతుంది గానీ, ఆ పీచు పట్టకారుతో పీకితే తప్ప రాదు. దుమ్ముకు తేమ తోడైతే మరీ కష్టం. ఎండాకాలంలో నీళ్ల కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు తగిలేలా పెట్టడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. గది చల్లబడి ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీలు తగ్గడం నిజమే, కానీ ఆ తడి గాలికి దుమ్ము బురదలా అంటుకొని ఆరి గట్టిపడుతుంది, పిన్నుల మీద తుప్పు మొదలవుతుంది. కూలర్ గాలి గదికి రావచ్చు గానీ క్యాబినెట్ దాని ఎదుట ఉండకూడదు.

గాలి ఏ వైపు పోతోందో సరిచూడడం కూడా ఇక్కడే. ఫ్యానులో రెక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కాడలు, స్టిక్కరు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ఇంట్లో బిగించిన యంత్రాల్లో ముందు ఫ్యానూ వెనుక ఫ్యానూ రెండూ బయటికే ఊదుతూ ఉండడం అరుదు కాదు. ఎస్‌ఎంపీఎస్ అడుగున ఉండే క్యాబినెట్లను నేల మీద, అందులోనూ చాప మీదో దుప్పటి మీదో పెడితే దాని నోరు మూసినట్టే. క్యాబినెట్‌ను బల్ల అరలోకి నెట్టి తలుపు వేస్తే, వెనుక నుంచి వదిలిన వేడి గాలినే అది ముందు నుంచి మళ్లీ పీలుస్తుంది. ప్రాసెసర్ అంకెలు బాగుండీ వేగం పడిపోతుంటే, ప్రాసెసర్ పక్కన ఉండి దానికి తగిన వోల్టేజీ అందించే రెగ్యులేటర్ల వేడిని కూడా చూడాలి. నీటితో చల్లబరిచే కూలర్ బిగించినప్పుడు ప్రాసెసర్ చల్లబడినా, పాత ఫ్యాను నుంచి వాటికి అందిన గాలి ఆగిపోతుంది.

ఇక కరెంటు. మన ప్రాంతంలో సందేశం లేని రీస్టార్ట్‌లకు అసలైన చోటు ఇదేనని, అయినా అందరూ చివరగా చూసేది దీన్నేనని చెప్పక తప్పదు. గోడ నుంచి వచ్చే 230 వోల్టులను ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి ఇస్తుంది. ఆ మూడూ 5 శాతం అటూ ఇటూ లోపలే ఉండాలన్నది ఎస్‌ఎంపీఎస్‌లు పాటించే ఏటీఎక్స్ ప్రమాణం చాలాకాలంగా పెట్టిన హద్దు, అంటే 12 వోల్టుల గీత (ఆ వోల్టేజీ అందించే తీగల వరుస) 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి. అంతా సవ్యంగా ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ ఒక సన్నని తీగ మీద 'కరెంటు బాగుంది' అన్న సంకేతాన్ని మదర్‌బోర్డుకు పంపుతూ ఉంటుంది. వోల్టేజీ నిలబడదని తోచగానే ఆ సంకేతాన్ని తీసేస్తుంది, బోర్డు అదే క్షణంలో రీసెట్ అవుతుంది. తెర మీద ఏ మాటా రాకుండా యంత్రం మళ్లీ మొదలవడం వెనుక ఎక్కువసార్లు జరిగేది ఇదే. గోడ కరెంటు తెగిన తరువాత ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలోని నిల్వతో నెట్టుకు రావలసిన వ్యవధి ఆ ప్రమాణం ప్రకారం 16, 17 మిల్లీసెకన్ల మేర మాత్రమే. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క ఆవృత్తికే 20 మిల్లీసెకన్లు పడుతుంది. బల్బు రెప్పపాటు మినుకుమన్నా కంప్యూటర్‌కు అది కరెంటు పోవడంతో సమానం కాగలదు.

దీనికి లో వోల్టేజీ తోడైతే పరిస్థితి ఇంకా సున్నితమవుతుంది. కెపాసిటర్‌లో నిల్వ ఉండే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ కరెంటును సరిదిద్ది, లోపలి కెపాసిటరుకు నిలకడైన వోల్టేజీ అందించే సర్క్యూట్) లేని చౌక ఎస్‌ఎంపీఎస్‌లో 230 బదులు 180 వోల్టులు వస్తే నిల్వ సుమారు 60 శాతానికి పడిపోతుంది. లేబుల్ మీద ఇన్‌పుట్ 200 నుంచి 240 వోల్టులని రాసి ఉన్నది అంతకు తక్కువ వోల్టేజీకి తయారు చేసింది కాదు, 100 నుంచి 240 అని ఉన్నది తక్కువ వోల్టేజీని బాగా తట్టుకుంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్ మొదలైంది. బోరు మోటార్లు ఎక్కువగా ఉన్న ఊళ్లలో, ముఖ్యంగా యాసంగిలో, ఇంటికి వచ్చే వోల్టేజీ మోటార్ల రాకపోకలను అనుసరించి ఊగుతుంది. నేరుగా స్టార్టయ్యే మోటారు మొదటి కొద్ది సెకన్లలో తన మామూలు కరెంటుకు అయిదు నుంచి ఏడు రెట్లు లాగుతుంది. ఆటోమేటిక్ స్టార్టర్లు ఉన్న చోట కరెంటు పోయి రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఆ నిమిషంలో అదే లైను చివరన ఉన్న ఇంట్లో వోల్టేజీ ఎంతకు దిగుతుందో ఊహించవచ్చు. కరెంటు వచ్చిన వెంటనే కంప్యూటర్ వేయకుండా అయిదు నిమిషాలు ఆగమని ఎలక్ట్రీషియన్లు చెప్పే మాటలో నిజం ఉంది.

లోపం గోడ వైపు ఉందా, క్యాబినెట్ లోపల ఉందా అని విడదీయడానికి బయాస్‌లో (యంత్రం లేవగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రాంలో) ఒక చిన్న అమరిక పనికొస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలన్న ఐచ్ఛికం దాదాపు ప్రతి బోర్డులోనూ ఉంటుంది. దాన్ని 'ఆఫ్‌లోనే ఉండు' అన్న చోట పెట్టాలి. ఆ తరువాత కూడా యంత్రం తనంతట తాను లేచిందంటే గోడ కరెంటు పూర్తిగా పోలేదు, రెప్పపాటు పడిపోవడమో, లోపలి లోపమో అయి ఉంటుంది. ఆరిపోయి అలాగే ఉండిపోతే ప్లగ్గు దగ్గర నిజంగానే కరెంటు తెగి ఉండవచ్చు. వదులైన సాకెట్టు, కాలిన జంక్షన్ బాక్సు, పిన్నులు ఊగే స్పైక్ బస్టర్ ఈ కోవలోకి వస్తాయి. ప్లగ్గు వేలితో తాకితే వెచ్చగా ఉండడం వాటి గుర్తు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కరెంటు పోయిన ప్రతిసారీ రీస్టార్ట్ అవుతుంటే ఇన్వర్టర్ మీది యూపీఎస్ మోడ్ స్విచ్ చూడాలి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే వ్యవధి లైట్లకు, ఫ్యాన్లకు సరిపోతుంది గానీ ఎస్‌ఎంపీఎస్ ఓర్పుకు మించిపోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడా కొన్నిసార్లు పొసగవు. విడిగా కొన్న యూపీఎస్ అయితే 600 వీఏ అన్నది సాధారణంగా 360 వాట్ల సామర్థ్యమే. గ్రాఫిక్స్ కార్డు నిండుగా పనిచేస్తున్న యంత్రాన్ని అది బ్యాటరీ మీద మోయలేదు, కరెంటు పోయిన క్షణంలో తానే చేతులెత్తేస్తుంది. బ్యాటరీ బలం తగ్గిన యూపీఎస్‌తోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి పరీక్ష కోసం ఒకటి రెండు రోజులు యూపీఎస్ తీసేసి నేరుగా గోడకు పెట్టి చూడడం అవసరం.

ఎర్తింగ్ గురించి వేరుగా చెప్పాలి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం చాలా ఇళ్లలో మామూలు విషయంగా తీసుకుంటారు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజుకూ బాడీకీ, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ పనిచేయనప్పుడు బాడీ ఆ రెండింటి మధ్య వేలాడి, సరఫరాలో సగం, అంటే దాదాపు 115 వోల్టుల దగ్గర నిలుస్తుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది, కానీ ఎస్‌ఎంపీఎస్‌లో ఏదైనా నిజంగా షార్ట్ అయిన రోజు కాపాడేది ఏదీ ఉండదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నేల చాలాచోట్ల బండరాయి. గుంత లోతుగా దిగదు, ఎండాకాలంలో తేమ ఆరిపోయి ఎర్త్ నిరోధం పెరుగుతుంది. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో వేసవి అంతా నీళ్లు పోయడం ఇందుకే. ఎలక్ట్రీషియన్ చేత సాకెట్టులో మూడు కొలతలు తీయించాలి: ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత ఉందో, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే ఉండాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఎర్తింగ్ లేకపోవడం ఒక్కటే రీస్టార్ట్‌లకు కారణం కావడం అరుదే. అయినా క్యాబినెట్ తెరిచి చేతులు పెట్టబోయే మనిషి ముందుగా సరిచేయించవలసింది దీన్నే.

గోడ వైపు అంతా బాగుంటే ఎస్‌ఎంపీఎస్ మీదికి రావాలి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఇప్పటి యంత్రాలు దాదాపు అంతా 12 వోల్టుల గీత నుంచే లాగుతాయి. ఆ గీత ఎదుట 18 ఆంపియర్లని రాసి ఉంటే అది ఇవ్వగలిగేది 216 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు స్లాటు నుంచి 75, ఒక్కో 8 పిన్నుల తీగ నుంచి 150 వాట్ల వరకు తీసుకోవచ్చు. అంతేగాక కొత్త కార్డులు మిల్లీసెకన్ల కంటే తక్కువ వ్యవధిలో తమ సగటుకు ఎంతో మించి ఎగిసి లాగుతాయి. ఈ ఎగసిపాటును తట్టుకోవడానికే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకన్ల పాటు తమ సామర్థ్యానికి రెట్టింపు మోయాలని చెప్పింది. పాత ఎస్‌ఎంపీఎస్ మీద కొత్త కార్డు పెట్టిన యంత్రం, ఆట మెనూ నుంచి రంగంలోకి దిగిన క్షణంలోనే ఆరిపోవడానికి కారణం చాలాసార్లు ఇది. ఒకే తీగకు ఉన్న రెండు కొనలనూ ఒకే కార్డుకు పెట్టకుండా రెండు వేర్వేరు తీగలు వాడితే కొంత మేలు కలుగుతుంది.

పని మీద ఉండగా నాలుగు పిన్నుల పాత కనెక్టరులో పసుపు, నలుపు తీగల మధ్య మల్టీమీటరు పెట్టి 12 వోల్టులు కొలవవచ్చు. అంకె 11.4 కిందికి దిగితే తీర్పు అయిపోయినట్టే. దిగకపోతే మాత్రం ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి అని కాదు, మిల్లీసెకన్ల పాటు పడిపోయేదాన్ని మల్టీమీటరు పట్టలేదు. తెలిసినవాళ్ల దగ్గర నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్ ఒక రోజు అడిగి తెచ్చి పెట్టి చూడడమే నికరమైన పరీక్ష. ఏ పరిస్థితిలోనూ ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకూడదు. దాని లోపలి కెపాసిటరు 325 వోల్టులు, పీఎఫ్‌సీ ఉన్నదైతే 380 దాకా పట్టి ఉంటుంది, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు అది ప్రాణం తీయగలదు.

టేబుల్ ఫ్యాను వైద్యం రెండు రోజులు ఎందుకు పనిచేసిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు చుట్టూ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజినీర్ల ఉజ్జాయింపు. చౌక ఎస్‌ఎంపీఎస్ వేడిలో తన సామర్థ్యాన్ని కూడా కోల్పోతుంది. పక్క రేకు తీసి ఫ్యాను పెట్టినప్పుడు చల్లబడింది ప్రాసెసర్ ఒక్కటే కాదు, నీరసించిన ఎస్‌ఎంపీఎస్ కూడా. అందుకే వేడి తగ్గితే రీస్టార్ట్ తగ్గింది, అయినా మార్చవలసింది ప్రాసెసర్ ఫ్యాను కాదు.

మిగిలినవి త్వరగా చూడవచ్చు. ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా నడిపే ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ప్రొఫైలు బయాస్‌లో వేసి ఉంటే తీసేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాంను ఒక రాత్రంతా నడపాలి. ఒక్క తప్పు వచ్చినా అది తప్పే, ర్యామ్ పట్టీలను ఒక్కొక్కటిగా పెట్టి లోపం దేనిలోనో తేల్చాలి. ముందు ప్యానెల్ రీసెట్ బటన్ లోపల ఇరుక్కుపోయి యంత్రాన్ని పదేపదే రీసెట్ చేయడం జరిగే విషయమే. ఆ సన్నని తీగను బోర్డు నుంచి పీకి రెండు రోజులు చూస్తే సరిపోతుంది. బోర్డు కింద అవసరం లేని చోట, దాన్ని ఎత్తి పట్టే ఇత్తడి స్తంభం మిగిలిపోవడం, బల్లి దూరి బోర్డు వెనుక చచ్చి ఉండడం వంటి షార్ట్‌లను పట్టడానికి యంత్రాన్ని క్యాబినెట్ బయట, అట్టపెట్టె మీద పరిచి నడపాలి. ఏ పనీ లేనప్పుడే ఆగుతున్న తొలినాటి రైజెన్ యంత్రాల్లో బయాస్‌లోని పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్‌ను టిపికల్ కరెంట్ ఐడిల్ అన్నదానికి మార్చడం చాలామందికి పరిష్కారమైంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటికి అధిక వోల్టేజీ వల్ల కలిగే అస్థిరతను ఆ సంస్థే 2024లో అంగీకరించి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాం) సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పెంచింది. ఆ తరాల యంత్రం అయితే బయాస్ అప్‌డేట్ చేయకుండా ఇతర పరీక్షలకు పోవడం వృథా. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోకుండా చూసుకోవాలి.

ఏ మార్పైనా ఒకసారికి ఒక్కటే చేయాలి. పేస్ట్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ ఒకే సాయంత్రం మార్చితే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు. మార్పు చేసిన తరువాత ఎంతకాలం వేచి చూడాలన్నది లోపం ఎంతకొకసారి కనిపించేదన్నదాన్ని బట్టి ఉంటుంది. మూడు రోజులకొకసారి ఆగే యంత్రం ఒక రోజు ఆగకపోవడంలో విశేషం లేదు, పది రోజులు ఆగకపోతే నమ్మడం మొదలుపెట్టవచ్చు. ఆ పది రోజులూ పాత అలవాట్లనే కొనసాగించాలి: అదే గది, అదే సాకెట్టు, అదే ఆట, పక్క రేకు బిగించి, టేబుల్ ఫ్యాను తీసేసి, మధ్యాహ్నం రెండు గంటలకు ఒకసారి, ఊళ్లో మోటార్లు నడిచే వేళ మరోసారి.